బీరువాలో ఉన్న రిజిస్టర్లు: కాగితం, అట్ట, ప్లాస్టిక్కు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ కమిటీ వాళ్లు గ్రూపులో పెట్టిన పనుల జాబితాలో ఒక అంశం చూసి ఈ అరగంట అడిగి మరీ తీసుకున్నాను. "పాత అడ్మిషన్ రిజిస్టర్లు, గ్రూపు ఫొటోలు లామినేషన్ చేయించుట" అని ఉంది అందులో. ప్రతిపాదించినవాళ్ల మీద నాకు గౌరవమే. యాభై ఏళ్లలో ఆఫీసుగదిలో ఉన్న ఆ బీరువా గురించి పట్టించుకున్న మొదటివాళ్లు వాళ్లే. కానీ ఆ పని చెయ్యొద్దని చెప్పడానికే నేను వచ్చాను. ముప్పై ఏళ్లుగా అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పొరలు, వాటిని అంటించే జిగుర్లు, ఇవే నా ఉద్యోగం. ప్లాస్టిక్కుతో బతికేవాడే ప్లాస్టిక్కు వద్దంటున్నాడంటే కాస్త వింటారని ఆశ.

ముందు ఆ రిజిస్టర్ల సంగతి. 1975 నుంచి ఈ బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ, ప్రతి పిల్లకీ అందులో ఒక వరస ఉంది. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. ఆ రోజుల్లో మన పల్లెల్లో పుట్టినప్పుడు పంచాయతీ ఆఫీసులో రాయించినవాళ్లు ఎంతమంది? నాన్న వేలు పట్టుకుని తీసుకొస్తే, హెడ్మాస్టారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి ఒక తేదీ వేశారు. అందుకే మనలో సగంమంది జూన్, జూలై నెలల్లో పుట్టాం! నవ్వుకున్నా, ఉద్యోగంలో చేరినప్పుడు, రిటైరైనప్పుడు, పాస్‌పోర్టుకి, పింఛనుకి నిలబడేది ఆ తేదీయే. టీసీ పోగొట్టుకున్నవాడికి ఆ వరస తప్ప వేరే దిక్కు లేదు. కాబట్టి మనం మాట్లాడుతున్నది అలంకారం గురించి కాదు.

కాగితం అంటే నీళ్లలో నానిన నార పీచుని జల్లెడ మీద పోసి, నీళ్లు వడగట్టి, నొక్కి ఆరబెట్టిన పొర. అంతే. ఆ పీచు గుడ్డపేలికలదా, వెదురుదా, చెట్టుదా అన్నదాన్ని బట్టి దాని ఆయుష్షు. మన రాజమండ్రి మిల్లు, సిర్పూరు కాగజ్‌నగర్ మిల్లు మొదట్లో ఎక్కువగా వెదురు మీద నడిచాయి. తర్వాత సుబాబుల్, సరుగుడు, జామాయిలు వచ్చాయి. మన జిల్లాలో రోడ్ల వెంట లారీల మీద వెళ్లే ఆ సరుగుడు కర్రలో చాలా భాగం రేపటి నోటుపుస్తకాలే.

చెట్టులో రెండు ముఖ్యమైన పదార్థాలు ఉంటాయి. ఒకటి సెల్యులోజ్, అంటే పీచు. రెండోది లిగ్నిన్, ఆ పీచుని కలిపి పట్టుకునే బంక. న్యూస్‌ప్రింట్ చేసేటప్పుడు చాలావరకు కర్రని అలాగే రుబ్బేస్తారు, లిగ్నిన్ అందులోనే ఉండిపోతుంది. అందుకే ఎండలో రెండు రోజులు పడేసిన పేపరు పసుపుపచ్చగా అవుతుంది. రాసుకునే కాగితానికి కర్రని రసాయనాల్లో ఉడకబెట్టి లిగ్నిన్ తీసేస్తారు, కనుక అది తెల్లగా నిలుస్తుంది. న్యూస్‌ప్రింట్ చదరపు మీటరు సుమారు 45 గ్రాములు తూగుతుంది. జిరాక్సు కాగితం కట్ట మీద '75 జీఎస్ఎం' అని ఉంటుందే, అదీ ఈ లెక్కే. ఏ4 కాగితాలు సరిగ్గా పదహారు పరిస్తే ఒక చదరపు మీటరు. అంటే పదహారు కాగితాలు తూస్తే 75 గ్రాములు రావాలి. లెక్కల మాస్టార్లు ఇక్కడ ఉన్నారు, రేపు పిల్లలతో త్రాసు మీద పెట్టించి చూడండి. కట్ట మీద రాసిన అంకె నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

మరి మన రిజిస్టరులోది లెడ్జరు కాగితం, గట్టిది. అయినా అంచులు గోధుమరంగుకి వచ్చి, మడిస్తే విరిగే స్థితికి ఎందుకు వచ్చాయి? సిరా పీల్చకుండా ఉండేందుకు పూర్వం కాగితంలో రోజిన్ అనే చెట్టుబంక, పటిక కలిపేవారు. ఆ పటిక గాలిలో తేమతో కలిసి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం పొడుగాటి సెల్యులోజ్ గొలుసులని ముక్కలు చేస్తుంది. బయటినుంచి ఎవరూ తినక్కర్లేదు, కాగితం తనని తానే తినేస్తుంది. ఎండ, వేడి, తేమ ఆ పనిని తొందరపెడతాయి. గోదావరి పక్కన ఉన్న మనకి ఆ మూడూ పుష్కలం. మొదటి నాలుగు రిజిస్టర్ల కింది అంచున కనిపించే గోధుమరంగు గీత 1986 ఆగస్టు వరద నీటిది.

ఇప్పుడు లామినేషన్ అంటే ఏమిటో చూద్దాం. దుకాణంలో ఆ సంచీ లాంటి కవరు చేత్తో పట్టుకుంటే ఒకే ప్లాస్టిక్కులా ఉంటుంది గానీ అందులో రెండు పొరలు. బయటిది పాలిఎస్టరు. మంచినీళ్ల సీసా, టెరికాటన్ ప్యాంటులో ఉండే 'టెరి' అనే భాగం, లామినేషన్ పై పొర, ఈ మూడూ రసాయనపరంగా ఒకటే. గట్టిది, పారదర్శకం, వందేళ్లకీ పెద్దగా మారనిది. దానితో మనకి పేచీ లేదు. పేచీ లోపలి పొరతో. అది పాలిథీన్ జాతికి చెందిన జిగురు. వంద డిగ్రీలు దాటిన రోలర్ల మధ్య నడిచేటప్పుడు కరిగి కాగితం పీచులోకి దిగిపోతుంది. చల్లారాక కాగితమూ అదీ ఒకటే. మళ్లీ తియ్యాలంటే కాగితం చీలి సగం ప్లాస్టిక్కుకి అంటుకుని వస్తుంది. పైగా లోపల పుట్టే ఆమ్లం ఎక్కడికీ పోదు. కాగితం లోపల విరుగుతూనే ఉంటుంది, మనకి మాత్రం బయటినుంచి మెరుస్తూ కనిపిస్తుంది. అంచు దగ్గర ఎక్కడో చిన్న సందు పడితే వానాకాలం తేమ అక్కడినుంచి దూరి, ఇక బయటికి రాదు. తెరిచి బాగుచేద్దామంటే దారి ఉండదు. దస్తావేజుల విషయంలో నేను పాటించే నియమం ఒకటే: రేపు వెనక్కి తీయలేని పని ఈవేళ చెయ్యకూడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రిజిస్టరుని లామినేట్ చెయ్యాలంటే ముందు కుట్టు విప్పి ఆకులు విడదియ్యాలి. కుట్టిన రిజిస్టరుకి ఉన్న విలువ విడి ఆకులకి ఉండదు. మధ్యలో ఒక ఆకు మార్చారేమో అని ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం?

సరే, మరి ప్లాస్టిక్కు అసలు వద్దా అంటే, కావాలి. ఏ ప్లాస్టిక్కు, ఎక్కడ అన్నదే ప్రశ్న. అందుకే ఈ సంచి తెచ్చాను.

ఇదిగో మంచినీళ్ల సీసా, దాని మూత. ఈ రెంటినీ చిన్న ముక్కలుగా కోసి గ్లాసు నీళ్లలో వేస్తున్నాను. వేలితో ఒకసారి లోపలికి ముంచాలి, లేకపోతే గాలిబుడగ అంటుకుని అన్నీ తేలతాయి. చూడండి, సీసా ముక్క మునిగింది, మూత ముక్క తేలింది. పాలిఎస్టరు సాంద్రత సుమారు 1.38, నీటికన్నా ఎక్కువ. మూత పాలిథీన్ జాతిది, సుమారు 0.95. ఇప్పుడు ఇది పాలప్యాకెట్టు ముక్క. మెత్తటి పాలిథీన్, తేలుతుంది. ఇది టిఫిన్ డబ్బా మూత, పాలీప్రొపిలీన్, సుమారు 0.90, ఇంకా హాయిగా తేలుతుంది. వీటిలో పాలిథీన్ 110 నుంచి 130 డిగ్రీలకే కరుగుతుంది, పాలీప్రొపిలీన్ 160 దాకా తట్టుకుంటుంది. వేడి సాంబారు పోసే డబ్బా పాలీప్రొపిలీన్‌తో చెయ్యడం అందుకే. డబ్బా అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటే అదే. అదే సాంబారు మంచినీళ్ల సీసాలో పొయ్యండి, 70, 80 డిగ్రీలకే మెత్తబడి ముడుచుకుపోతుంది. కరగడం వేరు, మెత్తబడడం వేరు అన్నమాట. ఇవి మన రోజుల్లో పాఠ్యపుస్తకంలో లేవు. ఇప్పటి పిల్లలకి ప్రయోగశాలలో చెప్పదగిన పాఠం.

ఇప్పుడు ఇది చూడండి. మెత్తగా, జిగటగా, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే ఫైలు కవరు. ఈ ముక్క మునిగింది. ఇది పీవీసీ. గొట్టాలలో ఉన్నదీ ఇదే, కానీ అక్కడ గట్టిగా ఉంటుంది. ఇక్కడ మెత్తబరచడానికి నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఆ నూనె ఊరుకోదు, మెల్లగా బయటికి వస్తుంది. మీలో చాలామంది చూసే ఉంటారు: జిరాక్సు కాగితాన్ని ఇలాంటి కవరులో రెండేళ్లు పెట్టి తీస్తే అక్షరాలు కవరుకి అంటుకుని వస్తాయి, కాగితం తెల్లబోతుంది. జిరాక్సు పొడి కూడా ఒక ప్లాస్టిక్కే. ఆ నూనె దాన్ని కరిగించి తనవైపు లాక్కుంటుంది. పైగా పీవీసీ పాతబడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం విడుదలవుతుంది. గోడలో గొట్టంగా, తీగ మీద తొడుగుగా పీవీసీని మించింది తక్కువ, దానితో నాకు తగాదా లేదు. సర్టిఫికెట్టు పక్కన మాత్రం వద్దు. గుర్తుపట్టడానికి రసాయనశాస్త్రం మాస్టారు ఒక పద్ధతి చూపిస్తారు. రాగితీగ ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్కుకి అంటించి, మళ్లీ మంటలో పెడితే మంట పచ్చగా వెలుగుతుంది. అది క్లోరిన్ గుర్తు. పొగ పీల్చకూడదు గనక ప్రయోగశాలలో మాస్టారే చెయ్యాలి, ఇంట్లో వద్దు.

మనకి కావలసింది జిగురు లేని, ఏ పూతా లేని పాలిఎస్టరు కవరు. రెండు అంచులు అతికి, రెండు అంచులు తెరిచి ఉండేది. ప్రాచీన పత్రాలు భద్రపరిచే గ్రంథాలయాల్లో వాడేది ఈ రకమే. కాగితం అందులో ఊరికే కూర్చుంటుంది, అంటుకోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వస్తుంది. రిజిస్టర్లలో దాచిన విడికాగితాలు, పాత టీసీ దరఖాస్తులు, తల్లిదండ్రుల ఉత్తరాలు, వీటికి అది. రిజిస్టరుకి కాదు.

రిజిస్టరుకి కావలసింది పెట్టె. ఇక అట్టల సంగతి చెప్పాలి. ఆ రిజిస్టర్లకి ఉన్న పై అట్ట గడ్డి అట్ట. ఎండుగడ్డి ఉడకబెట్టి చేసింది, లిగ్నిన్ అంతా అందులోనే ఉంది. గ్రూపు ఫొటోల వెనక అతికించిందీ దాదాపు అలాంటిదే. ఫొటో అంచులనుంచి లోపలికి పాకుతున్న గోధుమరంగు ఆ అట్ట చలవే. ఇక మూడు పొరల అట్టపెట్టె, అంటే మధ్యలో అలలలాంటి పొర ఉన్నది, దాని తెలివి వేరు. ఆ అలలు నిలువుగా నిలబెట్టిన స్తంభాల్లా బరువు మోస్తాయి. అందుకే పెట్టె మీద బాణం గుర్తు ఉంటుంది, పక్కకి పడుకోబెడితే ఆ బలం ఉండదు. తేమ తగిలితే మాత్రం పెట్టె బలం సగం దాకా పడిపోతుంది. వానాకాలంలో గోడౌనులో కింది వరసలో పెట్టెలు కుంగిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కాబట్టి టీవీ వచ్చిన పెట్టెలో రిజిస్టర్లు సర్ది అటక మీద పెట్టే ఆలోచన కూడా వద్దు. ఆమ్లం లేని అట్టతో చేసిన మూతపెట్టెలు దొరుకుతాయి. రిజిస్టరు కొలతకి చేయించాలి, నిలబెట్టకుండా పడుకోబెట్టాలి.

కాగితం, ప్లాస్టిక్కు పెళ్లి చేసుకుని నిజంగా బాగుపడిన కాపురం ఒకటి ఉంది. మన ఇళ్లలో స్విచ్‌బోర్డు మీద ఉండే హైలం షీటు. హైదరాబాదులో తయారై ఆ పేరుతోనే ఊరూరా తెలిసింది. అది గోధుమరంగు క్రాఫ్టు కాగితాలే. ఫినాలిక్ రెజిన్‌లో ముంచి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడిలో నొక్కితే అట్టా కాని, ప్లాస్టిక్కూ కాని గట్టి పలక అవుతుంది. కరెంటుని రానివ్వదు, మళ్లీ కాల్చినా కరగదు. డైనింగు బల్ల మీద సన్‌మైకా దాని చెల్లెలే. అక్కడ వెనక్కి తీయలేకపోవడమే గుణం. దస్తావేజు దగ్గర అదే దోషం.

ఫొటోల గురించి రెండు ముక్కలు. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటో పై పొర జెలటిన్. తేమకి ఉబ్బి జిగురవుతుంది. ఫ్రేములో అద్దానికి నేరుగా తగిలితే అతుక్కుపోతుంది, లాగితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి. అందుకే అద్దానికీ ఫొటోకీ మధ్య చుట్టూ అట్టచట్రం ఉండాలి. వెనక హార్డ్‌బోర్డు, ప్లైవుడ్ నేరుగా తగలనివ్వకూడదు. గోడకి తగిలించేవి నకళ్లు మాత్రమే, అసలువి చీకట్లో ఉండాలి. 1979 బ్యాచి ఫొటోలో కింద రాసిన పేర్లు సగం ఎగిరిపోయాయి. ఆ బ్యాచి వాళ్లు ఈవేళ నలుగురైదుగురు వచ్చారు. భోజనాల తర్వాత కూర్చుని ఎవరు ఎవరో రాసిపెట్టండి. పెన్సిలుతో, విడికాగితం మీద. ఫొటో వెనక బాల్‌పెన్నుతో వద్దు, ముందుకి అచ్చు పడుతుంది.

కమిటీకి నా మనవి ఇది. మొదట అన్ని పేజీలూ పైనుంచి కెమెరాతో ఫొటో తీయిద్దాం. గాజు మీద బోర్లించి నొక్కే స్కానరు వద్దు, కుట్టు విరుగుతుంది. తర్వాత గుండుసూదులు, క్లిప్పులు తీసేయాలి. తుప్పు పట్టినచోట కాగితం చిల్లులు పడింది, నిన్న సాయంత్రం చూశాను. చిరుగులకి సెల్లోటేపు వెయ్యొద్దు. దాని జిగురు కొన్నేళ్లకి పచ్చబడి, కారి, పక్క పేజీకి కూడా అంటుతుంది. మైదా జిగురులో పురుగు రాకుండా మైలుతుత్తం కలపడం మన బైండర్లకి అలవాటు. పురుగు రాదు నిజమే, కానీ రాగి కాగితాన్ని బలహీనపరుస్తుంది. పల్చటి టిష్యూ కాగితం, శుద్ధమైన గోధుమగంజి, తెలిసిన చెయ్యి, ఈ మూడూ కావాలి. అంతవరకు చిరుగుని చిరుగుగానే ఉంచడం మేలు. చివరగా ఆ బీరువా. బయటి గోడకి ఆనించి ఉంది, అది వానకి తడిసే గోడ. దాన్ని లోపలి గోడవైపుకి జరిపి, కింద అడుగు ఎత్తు దిమ్మ కట్టిద్దాం. లామినేషన్‌కి పెట్టుకున్న డబ్బులో ముందు ఈ దిమ్మ, పెట్టెలు చేయిద్దామని నా కోరిక.

ఇంటికి వెళ్లాక మీ సర్టిఫికెట్లు కూడా ఒకసారి చూసుకోండి. మన వైపునుంచి కువైట్, దుబాయి వెళ్లే పిల్లలు చాలామంది. ధ్రువీకరణ ముద్ర సర్టిఫికెట్టు వెనక కాగితం మీద పడాలి. ప్లాస్టిక్కు మీద సిరా నిలవదు, పైగా అధికారికి కాగితం తడిమి చూసే వీలుండదు. కొత్తగా పదో తరగతి పాసైన పిల్లల మెమోలు పాలిఎస్టరు కవరులోనో, పాలీప్రొపిలీన్ ఫోల్డరులోనో పెట్టండి, చాలు. నీళ్లలో తేలే ఫోల్డరు అయితే అది పీవీసీ కాదని తెలిసిపోతుంది. ఇంకొకటి. ఈ మధ్య ఫీజు రసీదులు, ఏటీఎం చీటీలు నున్నటి కాగితం మీద వస్తున్నాయి. అది వేడికి నల్లబడే కాగితం, అందులో సిరా ఉండదు. లామినేషన్ యంత్రంలో పెడితే మొత్తం నల్లగా వస్తుంది. ఊరికే ఉంచినా ఏడాది రెండేళ్లలో అక్షరాలు ఎగిరిపోతాయి. ముఖ్యమైనవి వెంటనే జిరాక్సు తీసుకోండి.

రాజ్యలక్ష్మి టీచరుగారు ఇందాక ఒక ప్రశ్న వేశారు: ఇప్పటికే లామినేట్ చేసేసినవాటిని ఏం చెయ్యాలి అని. ఏమీ చెయ్యొద్దు టీచర్. అంచులు కోయొద్దు, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి తీయాలని చూడొద్దు, పెట్రోలు, థిన్నరు అసలే వద్దు. ఎండ తగలని చోట, మడతపడకుండా పెట్టండి. అసలు కాగితం కావాల్సి వస్తే బోర్డు నుంచి నకలు తీసుకోవడమే దారి. ఆ నకలు రాయాలంటే చాలాసార్లు వాళ్లు మన బడిని అడిగేది ఆ రిజిస్టరులో వరసనే.